వెనక గేటు ఎదురుగా వదిన కట్టిన గది

మొన్న ఆదివారం మధ్యాహ్నం, వీధిలో మగ్గాల చప్పుడు కాస్త సద్దుమణిగిన వేళ, పక్కింటివాళ్ళ మనుమరాలు మా వసారాలోకి వచ్చి కూర్చుంది. బెంగుళూరులో ఆర్కిటెక్చరు చదువుతోంది ఆ పిల్ల. సెలవులకు ఎమ్మిగనూరు వస్తే దానికి పొద్దుపోదు. ఉద్యోగ విరమణ చేసిన సోషలు టీచరును, నాకు ఎప్పుడూ పోదు. అందుకని మా ఇద్దరికీ బాగా కుదిరింది. ఫోను నా ముక్కు దగ్గర పెట్టి, "అవ్వా, దీన్ని సూడు. ఏం మాదిరుండాదో సెప్పు" అంది. తెల్లటి లావుపాటి గోడలు, వాటి మీదికి వాన మబ్బు దిగినట్టు బరువైన కప్పు, గోడ నిండా చిన్నవీ పెద్దవీ బొక్కలు. నేను కళ్ళద్దాలు కూడా సర్దుకోలేదు. "ఫ్రాన్సులో ఒక కొండమీదుండే ప్రార్థనాలయం గదా ఇది. ఆ కప్పు పీత చిప్పను సూసి గీసిందంట. గోడకూ కప్పుకూ నడుమ సన్నగా సందుంటాది, దాంట్లోంచి వెలుతురొస్తాది" అన్నాను. పిల్ల నోరు తెరిచి, "నువ్వు ఆడికి పోయినావా అవ్వా?" అంది. నేను చేసిన దూరప్రయాణం కాశీ. అదీ రైల్లో మా ఆయన చెప్పుల జత పోగొట్టుకుని వచ్చిన ప్రయాణం. "నేను పోల్యా. పోయొచ్చినామె నాకు వదినయితాది" అని లేచి, మజ్జిగ కలిపే నెపంతో వంటింట్లోకి పోయాను.

వదిన అంటే మా మేనత్త కూతురు. వాళ్ళ ఇల్లు ఆదోనిలో, సాయంత్రమయ్యేసరికి కోటకొండ నీడ వచ్చి పడే వీధిలో ఉండేది. మా వంశంలో హైదరాబాదు పోయి ఇళ్ళు గీసే చదువు చదివిన మొదటి మనిషి ఆమె, ఆడవాళ్ళలోనూ మగవాళ్ళలోనూ. అక్కడే కొన్నేళ్ళు ఉద్యోగం చేసింది. ఆ రోజుల్లోనే ఒకసారి కొలువు పనిమీద యూరపు దేశాలు తిరిగి వచ్చింది. మామ పోయాక అత్తను చూసుకోవడానికి ఆదోనికి వచ్చేసినప్పుడు ఒక పెట్టె బట్టలు, రెండు పెట్టెల బొమ్మలు తెచ్చుకుంది. అన్నీ ఆ దేశాల కట్టడాల బొమ్మలే. నడవలో దేవుళ్ళ క్యాలెండర్లు ఉన్న మేకులకే వాటిని తగిలించింది. మా అత్త రెండు రోజులు అలిగి, మూడోరోజు నుంచి వాటికి పేర్లు పెట్టడం మొదలుపెట్టింది. జర్మనీలో నక్షత్రాలను చూడటానికి కట్టిన గోపురం ఆమెకు అరిగిపోయిన సబ్బుబిళ్ళ. డెన్మార్కులో ఇటుకలతో కట్టిన చర్చి నిలువునా నిలబెట్టిన హార్మోనియం. ఓడ మొన లాగా కోసుకొచ్చిన పెద్ద ఇటుక భవనం ఒకటి ఉండేది. అత్త జన్మలో ఓడను చూడలేదు కాబట్టి దాన్ని ఇస్త్రీపెట్టె అనేది. స్విట్జర్లాండులో కొండవాలు మీద కూర్చున్న కాంక్రీటు భవనాన్ని ఏనుగు తలకాయ అంది, ఆ మాటకు మాత్రం వదిన కూడా తలూపింది. ఇందాకటి ప్రార్థనాలయాన్ని చూసి చాలాసేపు ఆలోచించి, "ఇది ముసుగేసుకున్న ముసల్ది. ఎవురో సచ్చిపోయినారు పాపం" అంది.

నిజంగా చచ్చిపోయారు. వదిన ఒక్కో బొమ్మ వెనక ఉన్న కథ చెబుతుంటే నేను బస్సు తప్పిపోయినా పట్టించుకోకుండా వినేదాన్ని. ఆ కొండమీది పాత గుడి యుద్ధంలో బాంబులకు కూలిపోతే, ఆ రాళ్ళనే కొత్త గోడల్లో కూరి కట్టారట. అంతకు ముందు యుద్ధం అయిపోయినప్పుడైతే జర్మనీలో ఇళ్ళు గీసేవాళ్ళకు పనే లేదట. సిమెంటు లేదు, ఇనుము లేదు, ఇంటికొక చావు. కట్టడానికి ఏమీ లేక, ఒకరికొకరు చూపించుకుంటూ కాగితాల మీద గాజు కొండలు, వెలిగే శిఖరాలు గీసుకుంటూ కూర్చున్నారట. "పిచ్చోళ్ళు గదా వదినా" అన్నాను నేను. "పిచ్చి గాదమ్మీ. నోటితో సెప్పుకోల్యాక గోడలతో సెప్పినారు. ఇల్లు నిలబడితే సాలదు, సూసినోనికి ఒక మాట అనాల. నవ్వాల, ల్యాకుంటే ఏడ్వాల. మన కట్టడాలు ఏమీ అనవు. ఊరికే పన్ను కడతాయి" అంది. నేను బడిలో పిల్లలకు ప్రపంచయుద్ధాలు ఎన్నోసార్లు పాఠం చెప్పాను. ఎవరు గెలిచారో, ఏ సంధి జరిగిందో చెప్పాను గానీ, గాజు కొండలు గీసుకున్నవాళ్ళ సంగతి మా పుస్తకాల్లో లేదు.

ఆదోనిలో వదినకు దొరికిన పని మాత్రం నవ్వేదీ ఏడ్చేదీ కాదు. ఈశాన్యం పెరగాల, నైరుతి తగ్గకూడదు, వంటగది ఆగ్నేయంలో రావాల, ముందర ఎలివేషనుకు తామరపూలు రావాల, ఇవే బేరాలు. ఒకాయన మిద్దె మీద నీళ్ళ ట్యాంకును విమానం ఆకారంలో కట్టివ్వమన్నాడు. వదిన ఇంటికి వచ్చి, "ఆయప్పకైనా ఏదో సెప్పాలనుండాది, మంచోడు" అని నవ్వింది. ఆ నవ్వుకు వంత పాడేవాడు ఆమె తమ్ముడు. వదిన తర్వాత చాలా ఏళ్ళకు, ఇక పిల్లలు చాలనుకున్నాక పుట్టాడు కాబట్టి అత్తకు వాడు చిన్నోడు, అందుకని మా అందరికీ చిన్నోడే. చదువు ఒంటబట్టలేదు. ఆస్పరి దగ్గర మామ చేసిన చేనే వాడు పట్టుకున్నాడు. నల్లరేగడి భూమి, బోరు వేస్తే దుమ్ము తప్ప ఏమీ రాలేదు. వాన వస్తే పంట, లేకపోతే లేదు. సంబంధాలు చూస్తే ప్రతిచోటా ఒకే మాట: సేను సేసేవానికి పిల్లనెట్లిస్తాం? దానికీ వాడు నవ్వేవాడు. ఆదోనికి వచ్చినప్పుడల్లా నడవలో బొమ్మల ముందు నిలబడి, "అక్కా, నా సేనుకు గూడా ఒక ఎలివేషను గీసియ్యి. పైనుంచి వానదేవునికి బాగా కనపడాల" అనేవాడు. అత్త చేసిన జొన్నరొట్టెలు లెక్కాపత్రం లేకుండా తిని, మళ్ళీ పల్లెకు బస్సెక్కేవాడు.

ఆ యేడు వాడు నవ్వడం మానేశాడు. తొలకరికి వేరుశనగ వేస్తే మొలిచినచోటే మాడింది. దున్నేసి పత్తి పెట్టాడు. పత్తి మోకాలెత్తుకు వచ్చేదాకా ఆశపెట్టి ఆకు ముడుచుకుంది. మిగిలిన నాలుగు చాళ్ళలో కాయ పగిలే రోజుల్లో ముసురు పట్టి దూది నల్లబడింది. మధ్యలో ఒకసారి ఆదోనికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. రొట్టె ముందు పెడితే తుంచి, తినకుండా పక్కన పెట్టాడు. నడవలోకి పోయి ముసుగేసుకున్న ముసల్దాని బొమ్మ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "అక్కా, దీని లోపల సల్లగా ఉంటాదా?" అని అడిగాడు. "ఉంటాది. గోడలు లావు గదా" అంది వదిన. "మంచిగుంటాదిలే" అన్నాడు. అంతే. వాడు ఆ ఇంట్లో మాట్లాడిన ఆఖరి మాట అది. కొన్నాళ్ళకు ఒక పొద్దున పక్క చేను మనిషి ఫోను చేసి, చిన్నోడు గట్టుమీద పడిపోయి ఉన్నాడని, పురుగుల మందు వాసన వస్తోందని, ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోతున్నామని చెప్పాడు. డాక్టర్లు ఒక పగలూ ఒక రాత్రీ పాటుపడ్డారు. వాడు మాత్రం నిలబడలేదు.

ఏ ఆసుపత్రి అని అడగకండి. ఏ ఊళ్ళోనైనా వెనక గేటు వెనక గేటే. శవపరీక్ష అయ్యేదాకా మేము ఆ గేటు బయట ఉన్నాం. అప్పటికి పొద్దు బారెడెక్కింది. ప్రహరీగోడ పక్కన జానెడు నీడ ఉంటే అత్తను అక్కడ కూర్చోబెట్టాం. మాకు అవతల ఇంకో రెండు కుటుంబాలు, ఇటు ఒక టీ బండి, వరసగా స్కూటర్లు. కాసేపటికొకసారి వాచ్‌మన్ వచ్చి, పాపం చేతులు జోడించి, "అమ్మా, రోంత పక్కకు జరగండమ్మా, బండి తిప్పాల" అనేవాడు. లేచేవాళ్ళం, జరిగేవాళ్ళం. సూర్యుడు నడినెత్తికి వచ్చేకొద్దీ గోడనీడ కరిగి కరిగి చివరికి మా పాదాల మీదే మిగిలింది. అత్త కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఏడుపు గొంతుదాకా రావడం, ఎదురుగా టీ తాగేవాళ్ళు చూస్తారేమోనని మింగడం. మళ్ళీ రావడం, మళ్ళీ మింగడం. "ఏడువత్తా, ఏం గాదు" అన్నాను. "యాడని ఏడ్చేదే? అందురూ సూస్తాండారు" అంది. ఆ మాట వదిన కూడా విన్నది. వదిన ఏడవలేదు. ఆ గోడకు ఆనుకుని, ఎండ పడుతున్న ఆ మనుషులనే ఒక్కొక్కరినీ చూస్తూ నిలబడింది. పక్క కుటుంబంలో ఒక చిన్న వయసు ఆడమనిషి ఎక్కడా చోటు లేక, ఒక స్కూటరు సీటు మీద ముఖం ఆనించి ఏడుస్తోంది. స్కూటరు యజమాని వచ్చాడు, తాళంచెవి చేతిలో పట్టుకుని, ఆమెను లెమ్మనలేక అలాగే దూరంగా నిలబడిపోయాడు.

కర్మాంతరాలు అయ్యాక వదిన నాతో, "సేన్లో నా వాటా అమ్మేస్తాండా" అంది. ఆ గేటుకు ఎదురుగా రోడ్డుకు ఇవతల పాడుబడిన చిన్న జాగా ఒకటి ఉంది. అది కొని, అక్కడ ఒక గది కడుతుందట. శవం కోసం కాచుకునేవాళ్ళు కూర్చోవడానికి. గోడలు రాతివి, లావుగా, రెండు చేతులు చాచి దగ్గరకు తీసుకున్నట్టు వంపు తిరిగి ఉంటాయట. లోపలివైపు గోడలో, కింద కూర్చున్న మనిషి నుదురు ఆనించుకోవడానికి గూళ్ళు. పైన కప్పు, నెత్తిమీదికి కొంగు లాక్కున్నట్టు ముందుకు వంగి ఉంటుంది. గోడకూ కప్పుకూ మధ్య సందు, గాలి కోసం, వెలుతురు కోసం. వాన పడితే నీళ్ళు ఒకే మూల నుంచి రాతి తొట్టిలో పడాలి. "బోర్డు పెట్టను. సూడంగానే ఈడ మొగం దాసిపెట్టుకోవచ్చని తెలియాల" అంది. ఆమె కళ్ళు చూసి నాకు భయమేసింది. నిద్ర లేదు, తిండి లేదు. కాగితం మీద కాగితం గీసి చించేస్తోంది. గాజు కొండలు గీసుకున్న ఆ జర్మనీవాళ్ళు ఎట్లా ఉండేవారో నాకు అప్పుడు తెలిసింది.

అత్తకు ఈ సంగతి తెలిసిన రోజు ఇల్లు దద్దరిల్లింది. "వాడు దున్నిన సేను అమ్మి, వాడు సచ్చిన సోట బంగళా కడతావా? కొడుకును తిన్న జాగాకు నేను ముగ్గేయాల్నా?" అని అరిచింది. వదిన మాత్రం చేనులో తన వాటా అమ్మేసింది. ఆనాటి నుంచి ఒకే ఇంట్లో ఆ తల్లీకూతుళ్ళకు మాటల్లేవు. అత్త వండి, కంచంలో పెట్టి, మూత వేసి నడవలో ఉంచేది. వదిన ఎప్పుడో వచ్చి తిని, కంచం కడిగి బోర్లించేది. నేను ఎమ్మిగనూరు నుంచి పోయినప్పుడు ఇద్దరూ నాతోనే మాట్లాడేవారు. "దానికి సెప్పు, నెత్తికి నూనె పెట్టుకోమను" అని అత్త. "అమ్మను మాత్రలేసుకోమను" అని వదిన. ఇద్దరూ ఒకే గదిలో ఉండేవారు.

పని ఒప్పుకున్న మేస్త్రి ఆదోనిలో పాత మనిషి, సాయిబు. వదిన ఆయన్ను చాచా అనేది. ఆయన మొదట బొమ్మ చూసి గడ్డం గోక్కుని, "బేటీ, ఇది వంకరగా ఉండాది. కట్టినాక మేస్త్రికి సూపు తగ్గిందంటారు" అన్నాడు. ఎందుకు కడుతున్నారో తెలిశాక టేపు తీసి జాగా కొలిచాడు. ఆయన తమ్ముడి కోసం ఆయనా ఆ గేటు దగ్గర నిలబడినవాడే. రాతిగోడలు బాగానే లేచాయి. చిక్కంతా కప్పు దగ్గర వచ్చింది. అట్లా వంగే కప్పుకు చెక్కలతో అచ్చు కట్టడం మా వైపు ఎవరి వల్లా కాదు. అందుకని లోపలంతా మట్టి నింపి, ఆ మట్టినే గుట్టగా, కప్పు ఆకారంలో మలిచి, మీద గోనెపట్టలు పరిచి, సన్న కడ్డీలు అల్లి సిమెంటు పూయాలనీ, గట్టిపడ్డాక కింది మట్టి తవ్వి తీసేయాలనీ అనుకున్నారు. ఏ మట్టి అన్నదగ్గర వదిన మొండికేసింది. చేను అప్పగించే ముందు అక్కడి నుంచి ట్రాక్టర్లతో తోలించి పెట్టుకున్న నల్లమట్టి ఉంది. అదే పోయాలంది. మేస్త్రి బతిమిలాడాడు. నల్లమట్టి నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఈ సంగతి వదిన కాలేజీలోనే చదువుకుంది, ఆదోనిలో ప్రతి ఇంటి పునాదికీ తానే హెచ్చరించింది. "నాకు తెలీదా చాచా? తెలుసు. వాడు దున్నిన మన్ను మీద ఒక్కసారన్నా ఏదో ఒకటి నిలబడాల" అంది. ఆ మాటకు మేస్త్రి తల వంచుకుని పారలు తెప్పించాడు.

కప్పు పూసిన రోజు నేను చూశాను. గోనెపట్టల కింద ఆ నల్లమట్టి గుట్టను వదిన చేతులతో నిమిరి నిమిరి నునుపు చేసింది. ఆరోజంతా ఆమె ముఖంలో కొంచెం రక్తం ఆడింది. ఆ వారంలోనే వాన వచ్చింది. చిన్నోడు చేనుగట్టు మీద నిలబడి ఆకాశానికేసి చూసినన్నాళ్ళు రాని వాన, అదను కాని నెలలో వచ్చి మూడు పొద్దులు వదలకుండా కురిసింది. గోడల సందుల్లోంచి నీళ్ళు దిగి మట్టి ఉబ్బింది. ఉబ్బి, పచ్చి కప్పును కింద నుంచి పైకెత్తింది. తర్వాత ఎండ కాసింది. మట్టి కుంచించుకుంది. కప్పు ఒక కొస నుంచి ఇంకో కొసకు పగిలింది. మేస్త్రి కర్రతో తట్టి చూస్తే పెళ్ళ ఊడి కింద పడింది. "పగలగొట్టాలమ్మా. ఎవురి నెత్తినన్నా పడితే ఇంకో సావు" అన్నాడు ఆయన. కూలివాళ్ళను ఎవరినీ రానివ్వలేదు వదిన. సుత్తి తీసుకుని తానే పగలగొట్టింది. అరచేతులు పొక్కి పగిలి, పిడి ఎర్రబడేదాకా కొట్టింది. మేస్త్రి భయపడి నాకు ఫోను చేశాడు. నేను ఎమ్మిగనూరులో బస్సెక్కుతూ అత్తకు ఫోను చేసి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. చెప్పకపోతే ఇక ఇద్దరూ దక్కరనిపించింది.

నేను చేరేసరికి అత్త అప్పటికే వచ్చి ఉంది. ఆటో దిగి, ఆ గేటువైపు చూడకుండా, కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుని రోడ్డు దాటిందట. వదిన పగిలిన సిమెంటు పెళ్ళల మధ్య మోకాళ్ళు పట్టుకుని కూర్చుని ఉంది. ఒంటినిండా నల్లమట్టి, బురద. అత్త పోయి పక్కనే కూలబడింది. తర్వాత అత్త ఆ మట్టి ఒక పిడికెడు తీసుకుని, వేళ్ళతో చిదిపి చూసి, "ఆ మన్ను మనిషినే నిలబెట్టల్యా. నీ కప్పును నిలబెడతాదా?" అంది. వదిన తలెత్తి చూసింది. అత్త తన కొంగు తడిపి ఆమె అరచేతులు తుడవడం మొదలుపెట్టింది. "లెయ్. ఎర్రమన్ను తెప్పియ్యి. ఆ కొండకింది గరుసు మన్ను. మీ నాయన మన ఇంటికి అదే తోలించినాడు" అంది. మాసాల తర్వాత తల్లి కూతురితో అన్న మాటలివి. మేస్త్రి అటు తిరిగి బీడీ వెలిగించుకున్నాడు, అగ్గిపుల్లలు మూడు వృథా చేశాడు.

ఎర్రమట్టి మీద కప్పు నిలబడింది. మట్టి తవ్వి తీసేసిన రోజు మేము లోపలికి పోయి చూశాం. వదిన నడవలోని బొమ్మలో ఉన్నట్టే లేదు. చిన్నది, మోటుది, గోడ అక్కడక్కడ వంకర. కానీ సందులోంచి వెలుతురు దిగి గోడమీద పాకుతుంటే మనిషికి గొంతు తగ్గించి మాట్లాడాలనిపించేది. గూట్లో నుదురు పెట్టి చూశాను. చల్లగా ఉంది. నాకు చిన్నోడి ప్రశ్న గుర్తొచ్చి బయటికి వచ్చేశాను.

ఇంత చేశాక జరిగింది ఏమిటంటే, ఆ గదిలోకి ఎవ్వరూ పోలేదు. బోర్డు లేదు కదా. కొందరు అది ఎవరిదో సమాధి అనుకున్నారు, కొందరు కొత్త దర్గా అనుకుని దండం పెట్టుకుని పోయారు. టీ బండివాడు మొదట్లో దాన్ని గోడౌను అని అందరికీ చెప్పాడు. ఎవరో మేకను తెచ్చి కట్టేశారు, ఇంకెవరో తమ నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టారు. గేటు బయట మనుషులు మాత్రం ఎప్పటిలాగే ఎండలో జరుగుతూ, లేస్తూ, నిలబడుతూ ఉన్నారు. వదిన రోడ్డుకు ఇవతల నుంచి రోజూ చూసి వచ్చేది. చూసిన మనిషికి గోడ మాట చెబుతుందని నమ్మినామె, గోడ ఏమీ చెప్పకపోవడం చూసింది. ఒకరోజు ఇంటికి వచ్చి నడవలో బొమ్మలన్నీ దించి పెట్టెలో పెట్టేసింది. "అవి ఆ దేశాలోళ్ళకు అర్థమైనాయమ్మీ. నేను కట్టింది ఎవురికీ అర్థం గాల్యా. ఊరికే కట్టినా" అంది. ఆ గొంతు విన్న రాత్రి నేను ఎమ్మిగనూరు పోకుండా అక్కడే పడుకున్నాను. పొద్దున్నే లేచి చూస్తే అత్త పడక ఖాళీ.

అత్త ఆ గదికి పోయింది. చీపురు, చెంబు పట్టుకుని పోయి, మేకను విప్పి, ఊడ్చి, తొట్టి నింపి, గుమ్మం దగ్గర కూర్చుంది. ఎండ ఎక్కేసరికి దేవనకొండ వైపు పల్లె నుంచి ఎవరో వచ్చారు, నలుగురు ఆడవాళ్ళు, గోడనీడకు అటూ ఇటూ తిరుగుతున్నారు. అత్త లేచి రోడ్డు దాటి, ఏడాదికి పైగా చూడటానికే భయపడిన ఆ గేటు దగ్గరికి పోయి, "రాండమ్మా. ఎండలో ఏల నిలబడతారు? ఆడ సల్లగుంటాది. రాండి, ఎవురూ సూడరు" అని పిలిచింది. వాళ్ళు వచ్చారు. వాళ్ళలో ఒకామె లోపలికి పోయి, గోడ గూట్లో తల పెట్టిన మరుక్షణం ఎత్తుకున్న ఏడుపు, అత్తను వెతుక్కుంటూ పోయిన నేను రోడ్డు మీద ఉండి విన్నాను. నా వెనకే వచ్చిన వదిన కూడా విన్నది. గుమ్మం దాకా పోయి ఆగిపోయింది. లోపలికి మాత్రం పోలేదు. ఆనాటి నుంచి ఓపిక ఉన్న ప్రతిరోజూ అత్త పోయేది. పెట్టని బోర్డు మా అత్తే అయింది.

కొన్నేళ్ళు అట్లా గడిచాయి. మొన్నటి ఎండాకాలానికి ముందు అత్త జ్వరంతో, తన మంచంలో, తన ఇంట్లోనే పోయింది. వదిన అప్పుడూ ఏడవలేదు. తమ్ముడికి ఏడవలేదు, తల్లికి ఏడవలేదు. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఇస్తూ, కుర్చీలు సర్దుతూ, చూసినవాళ్ళకు ఇదేం మనిషి అనిపించేలా తిరిగింది. పెద్దదినం అయిన మర్నాడు ఎవరో ఆడమనిషి వీధిలో ప్రతి ఇల్లూ అడుగుతూ వచ్చి అత్త ఇంటి గుమ్మం ముందు నిలబడింది. చంకలో సంచి, సంచిలో కొర్రలు. "ఆ గదికాడ కూసోనుండే అవ్వ ఇల్లు ఇదేనా?" అని అడిగింది. నేను విషయం చెప్పాను. ఆమె సంచి కింద పెట్టి, అక్కడే గడప మీద కూలబడి, గుండెలు బాదుకుంటూ ఏడుపు ఎత్తుకుంది. "నా మొగుడు ఆడ లోపలుంటే నా తలకాయను తొడమీద పెట్టుకొనింది గదమ్మా నా తల్లి! నీది ఏ ఊరని అడగల్యా, ఏ కులమని అడగల్యా! ఈసారి సేన్లో రోన్ని కొర్రలైతే అవ్వకిచ్చిపోదామని వొస్తి గదమ్మా!" అని. వదిన వంటింట్లోంచి చేతిలో గ్లాసుతో వచ్చింది. గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఒక్క క్షణం చూసి, జారవిడిచి, ఆ పేరు తెలియని మనిషి మెడ కావలించుకుని, "సిన్నోడా" అని ఒక అరుపు అరిచింది. నడివీధి వినేట్టు అరిచింది. అన్నేళ్ళుగా మింగినదంతా ఒక్కసారి వచ్చేసింది. వీధిలో అందరూ చూశారు. చూడనీ అనుకున్నాను.

ఆనాడు ఏడ్చింది కాబట్టి వదిన బాగుపడిందని నేను చెప్పను. ఇప్పటికీ కొన్ని రోజులు ఫోను ఎత్తదు. ఎత్తినా ఊఁ కొట్టి పెట్టేస్తుంది. ఈమధ్య అత్తకు బదులు తానే అప్పుడప్పుడు ఆ గదికి పోయి, తొట్టిలో నీళ్ళు పోసి వస్తుందట. పిలవాల్సిన పని లేదట, మనుషులు వాళ్ళంతట వాళ్ళే వస్తున్నారట, గుమ్మందాకా కాలిబాట పడిందట. "ఒక్క యేడన్నా ఆ గది ఖాళీగుంటే బాగుండు అమ్మీ" అంటుంది. ఉండదు. మా పల్లెల్లో వానలు సరిగ్గా పడని యేడును కాలం కాలేదంటారు, మనిషి పోతే కాలం చేశాడంటారు. వాననీ చావునీ ఒకే మాటతో పిలిచే సీమలో పుట్టిన నాకు, కాలమే గాయం మాన్పుతుందిలే అని ఎవరైనా ఓదారిస్తే, ఏ కాలం అని అడగాలనిపిస్తుంది.